పక్క కుట్లు

ఆ వీధిలో అందరూ ఆయన్ని అరంగుళం మాస్టారు అనేవారు. ఆ పేరు పెట్టిందెవరో తెలియదు గానీ, పెట్టినవాళ్ళకి మనుషుల్ని చూడటం వచ్చు. చొక్కా కుట్టినా, కోటు కుట్టినా, చంటిపిల్ల గౌను కుట్టినా, పక్క కుట్టు లోపల అందరూ వదిలేదానికంటే అరంగుళం గుడ్డ ఎక్కువ వదలడం మాస్టారి పద్ధతి. "మనిషన్నాక కలకాలం ఒకేలా ఉంటాడా? రేపు రెండు ముద్దలు ఎక్కువ తింటే ఈ చొక్కా ఏం కావాలి?" అనేవాడు. దర్జీ అంటే మిగిలిన గుడ్డతో దిండు గలీబులు కుట్టుకునే రకమని లోకంలో ఒక అపవాదు ఉంది. మాస్టారి దగ్గర మాత్రం ఎవరి గుడ్డ వాళ్ళ ఒంటి మీదే ఉండేది. ఎప్పుడో పెళ్ళికి కుట్టించుకున్న కోటు పట్టుకుని, పొట్ట నిమురుకుంటూ, సిగ్గుపడుతూ వచ్చినవాళ్ళకి ఆయన కుట్లు విప్పి, వదులు చేసి పంపేవాడు.

"మీరిలా పాతవే పెద్దవి చేసి పంపిస్తుంటే కొత్తవెవరు కుట్టించుకుంటారు? వ్యాపారమా ఇది, ధర్మసత్రమా?" అనేది ఆయన భార్య.

ఆవిడ మనసు వెన్న, నోరు మాత్రం కత్తెర. ముందు గది దుకాణం, వెనక గది సంసారం, రెండింటికీ మధ్య ఒక పూల తెర. కిటికీ పక్కన చిన్న పీట మీద కూర్చుని ఆవిడ కాజాలు తీసేది, గుండీలు కుట్టేది, అంచులు మడిచి చేతికుట్టు వేసేది. వచ్చినవాళ్ళు కొలతలు మాస్టారికిచ్చి, కబుర్లు ఆవిడ దగ్గర పుచ్చుకుని వెళ్ళేవారు. కొంతమంది గుండీ ఊడిందన్న వంకతో కబుర్ల కోసమే వచ్చేవారు. గుండీ వాళ్ళే తెంపుకుని తెస్తున్నారని ఆవిడకి తెలుసు.

ఒక్కగానొక్క కూతుర్ని వేరే ఊళ్ళో ఇచ్చారు. అల్లుడు బస్సు డ్రైవరు, మంచివాడు, జీతం మాత్రం బొటాబొటి. వాళ్ళ కాపురం వాళ్ళది, వీళ్ళ కాపురం వీళ్ళది.

పదకొండేళ్ళ పాటు భార్యాభర్తలిద్దరూ ఆరోగ్య బీమా కట్టారు. ఒక్కసారి కూడా ఆస్పత్రి మెట్లెక్కలేదు. ఆ సంగతి గొప్పగా చెప్పుకునేవారు. ఆ తర్వాత వీధి చివర మూడంతస్తుల రెడీమేడ్ బట్టల దుకాణం వెలిసింది. మాస్టారి దగ్గరికి కొత్త గుడ్డ రావడం తగ్గిపోయి, అక్కడ కొన్న పాంట్ల కాళ్ళు పొట్టి చేసే పని మిగిలింది. ఇటు సంపాదన తగ్గుతుంటే అటు బీమా పెరిగింది. వయసు మీదపడే కొద్దీ మనిషి రేటు పెరిగేది లోకంలో ఒక్క బీమా కంపెనీ దగ్గరే. ఒక ఏడాది అద్దె కట్టాలా, బీమా కట్టాలా అన్నంతవరకూ వచ్చింది.

"ఈ ఒక్క ఏడాదికీ మానేద్దాం. మనకేం రోగం?" అంది ఆవిడ.

తథాస్తు దేవతలు ఆ వీధిలోనే తిరుగుతున్నారు కాబోలు. ఒక్క ఏడాది రెండేళ్ళయింది.

ఒకరోజు ఉదయం ఆవిడ తన గోధుమరంగు జాకెట్టు తెచ్చి మిషను మీద పడేసింది. "ఇది వదులైంది, కాస్త పక్కలు పట్టండి," అంది. మాస్టారు టేపు తీసి చుట్టుకొలత చూశాడు. అంగుళం తగ్గింది. "ఓహో, ఎవరి కోసమో ఈ నాజూకు? మళ్ళీ పెళ్ళిచూపులేమైనా ఉన్నాయా?" అన్నాడు. ఆవిడ మూతి తిప్పింది. మాస్టారు ఈల వేసుకుంటూ రెండు పక్కలా పావంగుళం చొప్పున లోపలికి కుట్టు వేశాడు. ముప్ఫయ్యేళ్ళుగా టేపు పట్టిన మనిషి, వీధిలో నడిచేవాళ్ళని చూసి చొక్కా కొలత చెప్పగలిగిన మనిషి, ఆ అంగుళం ఎక్కడికి పోయిందని అడగలేదు. ఆ రోజు వేసిన ఈలని తలుచుకుని ఆయన తర్వాత ఎన్నిసార్లు తల బాదుకున్నాడో లెక్కలేదు.

నెల తిరగకుండానే ఆ జాకెట్టు మళ్ళీ వచ్చింది. మళ్ళీ అంగుళం. ఈసారి ఈల రాలేదు.

"ఏమైంది నీకు? నిజం చెప్పు."

"ఏముంది, తింటే ఇక్కడ పట్టేస్తోంది," అంటూ పక్కటెముకల కింద చెయ్యి పెట్టుకుంది. "నాలుగు ముద్దలు దిగితే ఐదోది పైకే చూస్తోంది. గ్యాసు అయ్యుంటుందిలెండి."

"ఎన్నాళ్ళ నుంచి?"

"మీరు ఈల వేసినప్పటికి ముందు నుంచే."

మాస్టారు చెప్పులు వేసుకున్నాడు. డాక్టరు దగ్గరికి పద అన్నాడు. ఆవిడ కదల్లేదు. "వెళ్తే ఊరికే పంపుతారా? ఆ ఫొటో తీయించు, ఈ రక్తం ఇవ్వు, గొట్టం మింగు అంటారు. ఏదైనా పెద్దదే అని తేలిందనుకోండి, తెలుసుకుని ఏం చేస్తాం? గోడకేసి తల కొట్టుకుంటామా? సర్కారు ఆస్పత్రిలో వరుసకే నెలలు పడతాయి. ముందు పాలసీ కడదాం. గొడుగు కొనుక్కున్నాకే వానలోకి వెళ్దాం," అంది. ఆవిడ మాటకి ఎదురు చెప్పి గెలిచిన చరిత్ర మాస్టారికి లేదు. పైగా ఆ మాటలో న్యాయం కూడా కనిపించింది. లేనివాళ్ళకి కనిపించే న్యాయాలు ఇలాగే ఉంటాయి.

ఆ వారమే పాలసీలాయన దుకాణానికి వచ్చాడు. పాలసీలాయన అంటే బీమా ఏజెంటు. నడుము దగ్గర పాంటు మూడుసార్లు వదులు చేయించుకున్న పాత గిరాకీ, నాలుగోసారి కోసం వచ్చాడు. మాస్టారు నడుము చుట్టూ టేపు తిప్పుతూనే కొత్త పాలసీ సంగతి కదిపాడు.

"ఇన్నాళ్ళకి బుద్ధొచ్చింది మాస్టారూ మీకు," అన్నాడు ఆయన. "ఇంట్లో ఎవరికీ ఏ జబ్బూ లేదుగా?"

మాస్టారి చేతిలో టేపు ఆగిపోయింది. పూల తెర వెనక నుంచి ఆవిడ గొంతు వినిపించింది: "మాకేం జబ్బండీ, గుండ్రాళ్ళలా ఉన్నాం."

"గుండ్రాళ్ళకే పాలసీ ఇస్తారమ్మా," అని ఆయన పకపకా నవ్వాడు. తర్వాత వివరంగా చెప్పాడు. డబ్బు కట్టిన రోజు నుంచి ఆరు నెలలు గడిచేదాకా పెద్ద జబ్బులకి ఏమీ రాదు. కట్టకముందే జబ్బుందని తేలితే ఆరు నెలలు కాదు కదా, ఆరేళ్ళకైనా రాదు. "అందుకని ఈ ఆరు నెలలూ చిన్నదానికీ పెద్దదానికీ ఆస్పత్రి చుట్టూ తిరిగి కాగితాలు పోగేసుకోకండి. కాగితం మీద లేని జబ్బు కంపెనీకి జబ్బే కాదు," అన్నాడు. ఆయన చెడ్డవాడు కాదు. అందరికీ చెప్పే మాటే చెప్పాడు. ఆ మాట తెర వెనక ఎలా దిగిందో ఆయనకేం తెలుసు.

రెండు మిషన్లలో ఒకటి అమ్మేసి పాలసీ కట్టారు.

ఆ రోజు నుంచి ఆ ఇంట్లో ఆరు నెలలు మొదలయ్యాయి. గోడ మీద కాలెండరు ఉంది, దాన్ని ఇద్దరూ ఒకరికి తెలియకుండా ఒకరు చూసుకునేవారు. ఆవిడ పొద్దున్నే కాస్త తిని, మధ్యాహ్నం తిన్నట్టు నటించి, సాయంత్రానికి కిటికీ పక్క పీట మీద బల్లకి నుదురు ఆనించి కూర్చునేది. ఎవరైనా మెట్లెక్కుతున్న చప్పుడైతే చటుక్కున తలెత్తి సూదిలో దారం ఎక్కిస్తున్నట్టు కనిపించేది. మందుల షాపులో అడిగితే ఇచ్చే బిళ్ళలు మింగేది. వేడినీళ్ళ సీసా గుడ్డలో చుట్టి కడుపుకి పెట్టుకునేది. డాక్టరు అన్న మాట ఎత్తితే మాత్రం మండిపడేది.

ఎవరి కంటా పడకూడదు. ఆస్పత్రికి తీసుకెళ్ళలేని మాస్టారికి చేతనైన సేవ అదొక్కటే మిగిలింది, అందులో ఆయనంత పనివాడు ఆ చుట్టుపక్కల లేడు. ఆవిడ తగ్గిన ప్రతిసారీ ఆమె జాకెట్లన్నీ ఒక్కొక్కటే విప్పకుండా లోపలికి కుట్టు వేశాడు. భుజం జారితే భుజం ఎత్తాడు. మెడ ఎముకలు కనిపించకుండా పట్టీ వేశాడు. చేతుల దగ్గర పల్చటి గుడ్డ ఇంకొక పొర పెట్టి చెయ్యి నిండుగా కనిపించేలా చేశాడు. బయటి నుంచి చూస్తే మనిషికి అమర్చినట్టుండేది. మనిషి కరిగిపోతోందని ఎవరికీ అనుమానం రాలేదు.

మూడోసారి కుట్టు వేసినప్పుడు ఆవిడ విసుక్కుంది. "లోపల ఇంత గుడ్డ మడతలు పడి గుచ్చుకుంటోంది. కత్తిరించి పారెయ్యండి."

"కత్తిరిస్తే మళ్ళీ అతకదు."

"అతకక్కర్లేదు."

"నువ్వు ఒళ్ళు చేశాక ఏం తొడుక్కుంటావు?" అన్నాడు మాస్టారు.

ఆవిడ జాకెట్టు మిషను మీదే వదిలి తెర వెనక్కి వెళ్ళిపోయింది. ఆయన ఆ మడతని ఇస్త్రీ పెట్టి అణిచి, గుచ్చుకోకుండా దానిమీద మెత్తటి గుడ్డ కుట్టిచ్చాడు. కత్తెర మాత్రం పెట్టలేదు.

రెండో నెలలో పాలసీలాయన సంతకాల కోసం వచ్చాడు. "చెల్లెమ్మకి వయసు రావడం లేదు మాస్టారూ, ఎప్పుడు చూసినా ఒకేలా ఉంది," అన్నాడు. మాస్టారు పళ్ళికిలించాడు. నాలుగో నెలలో కూతురొచ్చి రెండు రోజులుంది. తల్లి పక్కనే పడుకుంది. "బుగ్గలు లోపలికి పోయాయేంటమ్మా?" అని అడిగింది. "వెనక పళ్ళు రెండు పీకించుకున్నాను," అని తల్లి తడుముకోకుండా చెప్పింది. అబద్ధాలాడటంలో ఆవిడకి ఇంత నైపుణ్యం ఉందని మాస్టారికి అప్పటిదాకా తెలియదు. కూతురు బస్సెక్కాక ఆయన దుకాణంలోకి వచ్చి, కుట్టడానికి ఏమీ లేకపోయినా చాలాసేపు మిషను తొక్కాడు.

ఇక్కడ మాస్టారిని తిట్టాలని ఎవరికైనా అనిపిస్తే తిట్టవచ్చు, తప్పులేదు. తిట్టేముందు ఒక్క ప్రశ్న వేసుకోవాలి. చేతిలో ఏమీ లేని మనిషికి, ఇవాళ తీసుకెళ్తే ఏమీ రాదు, ఆరు నెలలాగితే అన్నీ వస్తాయి అని చెబితే, ఏ రోజున తెగించాలి? మొదటి నెలలో ఇంకా ఐదు నెలలేగా అనిపిస్తుంది. ఐదో నెలలో ఇన్నాళ్ళు ఆగి ఇప్పుడు పాడుచేసుకోవడమా అనిపిస్తుంది. రెండుసార్లు ఆయన బలవంతంగా ఆవిడ చెయ్యి పట్టుకుని గుమ్మం దాకా లాక్కెళ్ళాడు. రెండుసార్లూ ఆవిడ గుమ్మం పట్టుకుని కూర్చుండిపోయింది. "నేను పడ్డదంతా బూడిదలో పోస్తారా?" అని ఏడ్చింది.

ఆరు నెలలు నిండిన మర్నాడు ఇద్దరూ కార్డు పట్టుకుని పెద్ద ప్రైవేటు ఆస్పత్రికి వెళ్ళారు. వెళ్ళే ముందురోజు సాయంత్రం మాస్టారు ఒక పని చేశాడు. ఇంకెవరూ అలాంటి పని చేసి ఉండరు. ఆ గోధుమరంగు జాకెట్టు తీసి, ఆఖరుసారి పావంగుళం లోపలికి కుట్టి, చక్కగా ఇస్త్రీ చేసి పెట్టాడు. డాక్టరు దగ్గరికి వెళ్తున్నామన్న సంగతి ఆయన చేతులకి ఎక్కలేదు. దర్జీ పెళ్ళాం వదులు జాకెట్టుతో నలుగురిలోకి వెళ్తే పరువేముంటుందని, ఎనిమిది నెలల అలవాటు కొద్దీ, కుట్టేశాడు.

డాక్టరు చిన్న వయసు ఆడపిల్ల. కళ్ళ కింద నిద్రలేమి, బల్ల మీద చల్లారిపోయిన టీ. బయట ఇంకా ముప్ఫైమంది ఉన్నారు.

"ఎన్నాళ్ళ నుంచమ్మా నొప్పి?"

"పది రోజుల నుంచమ్మా," అంది ఆవిడ. ఆ జవాబు ఎన్నిసార్లు వల్లె వేసిందో.

"బరువు తగ్గారా?"

"లేదమ్మా. మా వంశమే సన్నం. పుట్టినప్పటి నుంచీ ఇంతే."

డాక్టరు తలెత్తి చూసింది. శుభ్రంగా తల దువ్వుకుని, ఒంటికి అతికినట్టున్న జాకెట్టుతో, మాటకి మాట చెబుతున్న మనిషి కనిపించింది. బట్టలు వేలాడటం లేదు. పది రోజులే. చీర మీద నుంచే కడుపు నాలుగుచోట్ల నొక్కి చూసింది. "ఎసిడిటీలా ఉంది. ఈ మందులు నెల రోజులు వాడండి, తగ్గకపోతే అప్పుడు చూద్దాం," అని రాసిచ్చింది. ఆ పిల్ల తప్పేమీ లేదు. చెప్పింది విన్నది, చూపించింది చూసింది.

మందుల కిటికీ దగ్గర వరుసలో నిలబడినప్పుడు ఆవిడ ముఖంలో ఒక రకమైన తేలిక కనిపించింది. "చూశారా, ఏమీ లేదన్నారు," అంది. తను చెప్పిన అబద్ధాన్ని డాక్టరు నోట విని తనే నమ్మేసింది. మాస్టారు చేతిలో చీటీ వైపు చూశాడు. నెల రోజులు. ఇంకో నెల అంటే ఇంకో అంగుళం. కుట్టడానికి ఆ జాకెట్టులో ఇక చోటు లేదు. ముందు నుయ్యి, వెనక గొయ్యి అని జనం ఊరికే అంటుంటారు, ఆ రెండింటి మధ్యా నిలబడితే గానీ అదేమిటో తెలియదు. నోరు విప్పితే కార్డు పోతుంది. విప్పకపోతే మనిషి పోతుంది.

ఆవిడ మోచెయ్యి పట్టుకుని వెనక్కి తీసుకెళ్ళాడు. గుమ్మం దగ్గర ఉన్న అటెండరు ఆపబోతే పక్కకి తోశాడు. జన్మలో ఆయన ఒక మనిషిని తోయడం అదే మొదలు.

"డాక్టరమ్మా, ఒక్కమాట. ఈవిణ్ణి ఆ తెర వెనక్కి తీసుకెళ్ళి జాకెట్టు తిరగేసి చూడండి. పక్క కుట్టు లోపల."

"ఏమిటండీ ఇది?"

"ఆయన మాట పట్టించుకోకమ్మా, ఆయనకి మతి లేదు," అంది ఆవిడ గాభరాగా.

డాక్టరు ఇద్దరి ముఖాలూ చూసింది. ఏమనుకుందో, లేచి ఆవిణ్ణి ఆకుపచ్చ తెర వెనక్కి తీసుకెళ్ళింది. మాస్టారు ఇవతల నిలబడ్డాడు. కాసేపు గుడ్డ కదిలిన చప్పుడు తప్ప ఏమీ వినిపించలేదు. తర్వాత డాక్టరు గొంతు వేరేగా వినిపించింది.

"ఇన్ని కుట్లేమిటి ఇక్కడ?"

"లెక్కపెట్టండి," అన్నాడు మాస్టారు.

"ఒకటి... మూడు... ఏడు వరసలున్నాయి."

"అన్నిటికంటే బయటిది నేను జాకెట్టు కుట్టినప్పటిది. మిగిలినవి ఆరు. ఒక్కో వరసకీ చుట్టుకొలత ఒక్కో అంగుళం తగ్గిందమ్మా. ఆఖరుది నిన్న సాయంత్రం వేశాను. దాని ముందుది ఐదు వారాల కిందట. దాని ముందుది కూతురొచ్చినప్పుడు. దాని ముందుది సంతకాలు పెట్టినప్పుడు. మొదటి రెండూ పాలసీ కట్టకముందువి. మొత్తం ఎనిమిది నెలలు. పది రోజులు కాదు."

తెర వెనక ఆవిడ ఏడుస్తోంది. డాక్టరు బయటికొచ్చి కుర్చీలో కూర్చుంది, పెన్ను తీసింది, మళ్ళీ కింద పెట్టింది.

"మీరేం చెబుతున్నారో మీకు తెలుస్తోందా? ఇది నేను రాయాలి. రాయకపోతే పెద్ద పరీక్షలు ఎందుకు చేయిస్తున్నానో చెప్పలేను. రాస్తే మీ కార్డు పనిచెయ్యదు."

"తెలుసమ్మా."

"వద్దమ్మా, రాయొద్దు," అంది తెర వెనక గొంతు.

"రాయండి," అన్నాడు మాస్టారు.

ఇంటికి వెళ్ళే బస్సులో ఆవిడ కిటికీ వైపు తిరిగి కూర్చుంది. దిగేటప్పుడు మాత్రం అంది: "ఎనిమిది నెలలు నోరు మూసుకున్న మనిషి, ఇంకో పూట మూసుకోలేకపోయారా?" మాస్టారి దగ్గర ఉన్న జవాబు ఆవిడతో చెప్పదగ్గది కాదు.

పరీక్షల్లో కడుపులో గడ్డ బయటపడింది. నెలలోగా ఆపరేషన్ చెయ్యాలన్నారు. ఇంతకుముందే వచ్చుంటే అన్న మాట డాక్టరు అనలేదు. అనకుండా ఉండటానికి ఆ పిల్ల ఎంత కష్టపడిందో మాస్టారు చూశాడు. అక్కడ ఆపరేషన్ చేయించాలంటే మిగిలిన మిషనూ, ఇంట్లో సామానూ అన్నీ అమ్మినా సగానికి రాదు. కంపెనీ ఉత్తరం రెండు వారాల్లో వచ్చింది. జబ్బు పాలసీకి ముందునుంచీ ఉందని భర్త స్వయంగా చెప్పినందువల్ల ఏమీ చెల్లించలేమని అందులో ఉంది. పాలసీలాయన తలొంచుకుని దుకాణానికి వచ్చాడు. "నాకొక్క మాట చెప్పుంటే బాగుండేది మాస్టారూ," అన్నాడు. "చెబితే పాలసీ ఇచ్చేవారా?" అని అడిగాడు మాస్టారు, నిష్ఠూరంగా కాదు, నిజంగానే తెలుసుకుందామని. ఆయన వచ్చినట్టే తలొంచుకుని వెళ్ళిపోయాడు.

కూతురు వచ్చి ఉండిపోయింది. మొదటి రోజు ఆమె తల్లి జాకెట్లన్నీ ముందేసుకుని, ఒక్కొక్కటీ తిరగేసి చూసింది. "పక్కనే పడుకున్నాను నాన్నా. ఎంత బాగా కుట్టావో, నాకే తెలియలేదు," అంది. ఆ మాటలో మెచ్చుకోలు లేదు. తిట్టుంటే బాగుండేదని మాస్టారు అనుకున్నాడు.

ఇక మిగిలింది ప్రభుత్వ ఆస్పత్రి. అక్కడ డబ్బు అడగరు, కాలం అడుగుతారు. పొడుగాటి వసారా, అరిగిపోయిన బల్లలు, చేతిలో నంబరు చీటీ. ఆపరేషన్ తేదీ పదకొండు వారాల తర్వాత పడింది. అంతకుముందు చేయించుకునే దారి ఒక్కటే ఉందని పక్కన కూర్చున్నవాళ్ళు చెప్పారు. ఏ రోజైనా తేదీ ఉన్న మనిషి రాకపోతే, ఆ సంగతి ఏడున్నరలోపు కౌంటరులో తెలిస్తే, వసారా చివర బల్ల మీద ఎదురుచూసేవాళ్ళలో మొదటివాళ్ళని పిలుస్తారు. ఏడున్నర దాటితే ఆ చోటు ఎవరికీ దక్కదు. అందుకని తేదీ దూరంగా ఉన్నవాళ్ళు పరగడుపున వచ్చి ఆ బల్ల మీద కూర్చుంటారు.

వాళ్ళూ కూర్చున్నారు. వరుసగా పంతొమ్మిది ఉదయాలు కూర్చున్నారు. రోజూ అందరూ వచ్చేవారు. ఆస్పత్రి తేదీ దొరికినవాళ్ళు ఎందుకు మానుకుంటారు? ఇరవయ్యో రోజు మాస్టారు చెప్పులు వేసుకుంటుంటే ఆవిడ మంచం మీద నుంచి లేవలేదు.

"ఇవాళ ఎవరో ఒకరు రాకూడదని కోరుకుంటూ కూర్చోవడమంటే, ఎవరో ఒకరు పోవాలని కోరుకోవడమే కదండీ," అంది. "నావల్ల కాదు. మన తేదీకే వెళ్దాం."

ఆ మధ్యాహ్నం ఆవిడే ఆయన్ని దగ్గర కూర్చోమంది. మాట బాగా సన్నబడిపోయింది, మనిషికంటే సన్నబడింది. "ఆ రోజు మీ మీద కోపం వచ్చిన మాట నిజం. కానీ తెర వెనక ఆ పిల్ల ఒకటీ రెండూ అని లెక్కపెడుతుంటే నాకెందుకు ఏడుపొచ్చిందో తెలుసా? ఎవరైనా చూస్తే బాగుండునని ఎనిమిది నెలలు కొట్టుకున్నాను. మళ్ళీ ఎవరైనా చూస్తారేమోనని భయపడి చచ్చాను. ఆ పిల్ల చూసింది." మాస్టారు ఆవిడ చెయ్యి పట్టుకున్నాడు. చెయ్యి ఇంత చిన్నదై పోయిందా అనుకున్నాడు. చేతులకి వేసిన ఆ రెండో పొర గుడ్డ ఆయన్ని కూడా మోసం చేసింది.

తేదీకి ఇంకా తొమ్మిది రోజులున్నాయనగా ఆవిడ పోయింది. ఉదయం పది గంటలప్పుడు, కూతురు జుట్టు దువ్వుతుంటే.

వచ్చినవాళ్ళు వచ్చారు, వెళ్ళినవాళ్ళు వెళ్ళారు. ఆస్పత్రి తేదీ సంగతి ఎవరికీ గుర్తులేదు. ఎనిమిదో రోజు సాయంత్రం ఫోను మోగింది. రికార్డు చేసిన గొంతు, ఆడగొంతు, చాలా మర్యాదగా చెప్పింది: రేపు ఉదయం ఏడు గంటలకల్లా రోగిని పరగడుపున తీసుకురండి, చీటీ తప్పక తెచ్చుకోండి. మాస్టారు "ఆవిడ లేదండీ" అన్నాడు. గొంతు అదే మాట ఇంకోసారి చెప్పి ఆగిపోయింది. దానికి చెప్పడం తప్ప వినడం రాదు.

"పోనీలే నాన్నా, మనం వెళ్ళకపోతే వాళ్ళకే తెలుస్తుంది," అంది కూతురు.

మాస్టారు మర్నాడు ఐదింటికే లేచాడు. మొదటి బస్సు పట్టుకుని ఆరున్నరకి వసారాలో ఉన్నాడు. కౌంటరు తెరిచాక చీటీ ఇచ్చాడు. "రోగి ఏరి?" అన్నాడు గుమాస్తా, తలెత్తకుండా.

"రాదండీ."

"వాయిదా వెయ్యమంటారా?"

"వద్దండీ. ఇంకొకరిని పిలవండి. ఏడున్నర కాలేదుగా?"

గుమాస్తా అప్పుడు తలెత్తి చూశాడు. పుస్తకంలో ఒక గీత కొట్టి, వసారా చివరికి వినిపించేలా ఒక నంబరు గట్టిగా పిలిచాడు. చివర బల్ల మీద నుంచి ఒక మొగుడూ పెళ్ళాం ఒకరినొకరు చూసుకుని, తమ నంబరు కాదేమో అన్నట్టు చీటీ మళ్ళీ చూసుకుని, గబుక్కున లేచారు. మొగుడు కాగితాలు పట్టుకుని కౌంటరు వైపు పరిగెత్తాడు. ఆమె గోడ పట్టుకుని మెల్లగా నడిచి వచ్చి మాస్టారి పక్కన ఆగింది. నలభయ్యేళ్ళుంటాయేమో. బట్టలు వేలాడుతున్నాయి. ముఖం మాత్రం వెలిగిపోతోంది. ఎవరితోనైనా చెప్పకపోతే ఉండలేనట్టు ఆయన వైపు తిరిగింది.

"పదహారు రోజుల నుంచి కూర్చుంటున్నాం అన్నయ్యగారూ. ఇవాళ ఎవరో రాలేదట. మా అదృష్టం!"

"అవునమ్మా," అన్నాడు మాస్టారు. "లోపలికి వెళ్ళు, నిన్ను పిలుస్తున్నారు."